‘ద’ ఎక్కడ, ‘ది’ ఎక్కడ, ఏదీ వద్దనేది ఎక్కడ: ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే మాటను నేర్చుకోవడం ఎలా

టి, హెచ్, ఇ అనే మూడక్షరాల ఈ మాట లేకుండా ఇంగ్లీషులో ఒక్క పేరా రాయడం కూడా కష్టం. 1961లో అమెరికాలో అచ్చయిన రచనల నుంచి దాదాపు పది లక్షల మాటలు పోగుచేసి బ్రౌన్ విశ్వవిద్యాలయంలో లెక్కపెడితే, ఇదొక్కటే సుమారు 70,000 సార్లు కనిపించింది. అంటే నూటికి ఏడు. రెండో స్థానంలో నిలిచిన మాట లెక్క ఇందులో సగానికి కాస్త పైన మాత్రమే ఉంది.

ఇంత తరచుగా వచ్చే మాటకు మన బడుల్లో దక్కేది ఒకటో రెండో పీరియడ్లు. అచ్చులకు ముందు ‘ది’, హల్లులకు ముందు ‘ద’ అని ఒక సూత్రం చెబుతారు. మొదటిసారి చెప్పినప్పుడు ‘ఎ’, రెండోసారి ‘ద’ అని ఇంకొక సూత్రం చెబుతారు. రెండూ సగం నిజాలే. మిగతా సగం తెలియక, బాగా చదువుకున్నవాళ్లు కూడా ఉండవలసిన చోట దీన్ని వదిలేస్తారు, అక్కర్లేని చోట తగిలిస్తారు.

నన్నడిగితే తెలుగువారికి ఇది అంత కొత్త విద్య కాదు. దీనికి కావలసిన ధ్వనిలో చాలా భాగం, దీని వెనుక ఉన్న ఆలోచన పూర్తిగా మన భాషలోనే ఉన్నాయి. వాటిని ఎక్కడి నుంచి తీసుకోవాలో చూపించడమే ఈ వ్యాసం పని. ముందు పలకడం చూద్దాం, తర్వాత వాడకం.

మొదటి మెట్టు: నాలుకను ఆపకండి

తెలుగులో ‘ద’ అనండి. నాలుక కొన పై పళ్ల వెనుక గట్టిగా ఆనుతుంది, గాలి ఒక్క క్షణం పూర్తిగా ఆగుతుంది, తర్వాత విడుదలవుతుంది. ఇంగ్లీషు ధ్వనికీ చోటు దాదాపు ఇదే. తేడా ఒక్కటే, గాలి ఆగకూడదు. నాలుక కొనను పై పళ్ల అంచుకు తగిలీ తగలనట్టు ఉంచి, సందులోంచి గాలిని వదులుతూ గొంతును మోగించాలి.

అద్దం ముందు నిలబడి చూడండి. నాలుక కొన పళ్ల మధ్య కొద్దిగా కనిపించాలి. ఇప్పుడు ఆ ధ్వనిని సాగదీయండి. ‘స్‌స్‌స్’ అని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయగలం కదా, దీన్నీ అలాగే సాగదీయగలగాలి. తెలుగు ద్‌ను సాగదీయడం కుదరదు, నాలుక అడ్డుపడుతుంది. సాగుతోందంటే మీరు సరైన చోట ఉన్నట్టే. గొంతు మీద రెండు వేళ్లు పెట్టి చూస్తే అదురు తెలియాలి. అదురు లేకపోతే మీరు పలుకుతున్నది ‘థింక్’, ‘త్రీ’, ‘థాంక్స్’ మాటల్లోని మొదటి ధ్వని. రెండింటికీ ఇంగ్లీషువాళ్లు ఒకే జంట అక్షరాలు వాడతారు కాబట్టి రాత చూసి తేల్చుకోలేం. ఒక గుర్తు పనికొస్తుంది. దిస్, దట్, దే, దెన్, దేర్ వంటి చూపించే మాటలు, వాక్యాన్ని కలిపే చిన్న మాటలు గొంతు అదురుతో మొదలవుతాయి. అర్థం బరువున్న నామవాచకాలు, క్రియలు మాట మొదట్లో సాధారణంగా అదురు లేకుండా వస్తాయి.

ఇది ఎంత ప్రయత్నించినా రాకపోతే? కంగారు పడవద్దు. మన పళ్ల ‘ద’తోనే సరిపెట్టుకోండి. ఐర్లండులో కూడా చాలామంది దీన్ని మనలాగే పళ్ల దగ్గర ఆపి పలుకుతారు, వినేవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. చేయకూడనివి రెండు: ‘డ’ అనవద్దు, ‘జ’ అనవద్దు. ఒత్తు ‘ధ’ కూడా వద్దు. ఆ ఒత్తు ఈ మాటకు లేని బరువు తెచ్చిపెడుతుంది, వచ్చిన చిక్కంతా బరువుతోనే.

రెండో మెట్టు: అచ్చును చిన్నది చేయండి

హల్లు కంటే అచ్చే ముఖ్యం. మనలో చాలామంది అన్ని చోట్లా ‘ది’ అంటారు, అదీ స్పష్టంగా, నొక్కి. ‘ది బుక్’, ‘ది బస్సు’, ‘ది టీచర్’. ఇంగ్లీషువాళ్ల చెవికి అది ప్రతి నామవాచకం ముందూ ఆగి వేలు చూపించినట్టు వినిపిస్తుంది.

హల్లు ధ్వనికి ముందు రావలసినది ‘ద’. అదీ మన నిండు ‘ద’ కాదు. తెలుగు అకారానికి నోరు బాగా తెరుచుకుంటుంది. ఇక్కడ దవడ కదిలీ కదలనట్టు ఉండాలి. పెదవులు గుండ్రంగా చేయకూడదు, పక్కలకు లాగకూడదు. ‘అబౌట్’ అనే మాటను ఇంగ్లీషువాళ్లు పలికేటప్పుడు మొదట్లో వినీ వినిపించని ఒక అకారం ఉంటుంది, ‘సోఫా’ చివర కూడా అదే ఉంటుంది. ‘పద, వెళ్దాం’ అని తొందరలో అన్నప్పటి ‘ద’ను ఇంకా సగం చేస్తే దాని దగ్గరికి వస్తుంది.

ఇంకొక మాట. దీన్ని విడి పదంగా పలకకండి. రాతలో ఎడం ఉంటుంది, నోటిలో ఉండదు. దబుక్, దబస్, దటీచర్ అని వెనక మాటకు అతికించి, బలమంతా వెనక మాట మీద పెట్టండి. బలం ‘బుక్’ మీద పడితే ‘ద’ దానంతటదే చిన్నదైపోతుంది.

మూడో మెట్టు: అక్షరాన్ని చూడకండి, ధ్వనిని వినండి

అచ్చుకు ముందు ‘ది’ అవుతుంది. ఎందుకు? ‘ద’ తర్వాత నేరుగా మరో అచ్చు వస్తే నోరు తడబడుతుంది. ‘ది’ అంటే మధ్యలో చిన్న యకారం పుట్టి దారి సుగమం చేస్తుంది: దియాఫీస్, దియాపిల్, దియిండియన్. మనకు ఇది బాగా తెలిసిన సంగతే. మా, అమ్మ కలిసి మాయమ్మ కావడాన్ని మన వ్యాకరణంలో యడాగమం అంటారు. ఇంగ్లీషువాళ్లు పేరు పెట్టకుండా అదే పని చేస్తున్నారు. కాబట్టి మాయమ్మ అనగలిగిన నోటికి దియాపిల్ కష్టం కాదు.

ఇక్కడ బడి సూత్రం దెబ్బతీస్తుంది. ‘ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాలకు ముందు’ అని బోర్డు మీద రాస్తారు. లెక్కలోకి వచ్చేది అక్షరం కాదు, చెవికి వినిపించే మొదటి ధ్వని. యూనివర్సిటీ, యూనియన్, యూనిఫాం, యూరప్ మాటలు రాతలో అచ్చుతో మొదలవుతాయి, పలుకులో యకారంతో మొదలవుతాయి. అందుకే ద యూనివర్సిటీ, ద యూనిఫాం. ‘వన్’ రాతలో ఓ అక్షరంతో మొదలైనా పలుకులో వకారం, కాబట్టి ద వన్. అవర్, ఆనెస్ట్ మాటల్లో హెచ్ అక్షరం రాతకే పరిమితం, పలకరు. అందుకే ది అవర్, ది ఆనెస్ట్ మ్యాన్.

పొడి అక్షరాలకూ ఇదే పద్ధతి. ఎమ్మెల్యే, ఎంపీ, ఎస్సై, ఎఫ్ఐఆర్, ఆర్‌బీఐ, వీటన్నిటి ముందూ ‘ది’. ఎం, ఎస్, ఎఫ్, ఆర్ హల్లులే కదా అనిపిస్తుంది, కానీ వాటి పేర్లు అచ్చుతో మొదలవుతాయి. సీబీఐ, యూపీఎస్సీ ముందు ‘ద’. హెచ్ దగ్గర ఒక చిన్న చిక్కుంది. బ్రిటన్, అమెరికాల్లో ఎక్కువమంది ఆ అక్షరాన్ని ‘ఎయిచ్’ అంటారు, కాబట్టి వారికి ది ఎయిచార్ మేనేజర్. మనం ‘హెచ్’ అని హకారంతో పలుకుతాం, అలా పలికితే ‘ద’ రావాలి. రెండూ ఫరవాలేదు, మీ నోటిలో ఏది వస్తుందో దానికి తగినది పెట్టండి.

ఇప్పుడు మన తెలుగు నోటికి ప్రత్యేకమైన సమస్య. తెలుగులో మాట మొదట్లో వచ్చే ఎకారానికి ముందు యకారం చొరబడుతుంది. ‘ఎక్కడ’ అని రాస్తాం, యెక్కడ అని పలుకుతాం. ఒకారానికి ముందు వకారం చేరుతుంది, ‘ఒకటి’ వొకటి అవుతుంది. ఈ అలవాటు ఇంగ్లీషులోకి మనతోపాటు వస్తుంది: యెగ్, యెగ్జామ్, వోపెన్, వోన్లీ. ఎగ్ కాస్తా యెగ్ అయ్యాక చెవికి అది హల్లుతో మొదలైన మాట, అందుకని నోరు తెలియకుండానే ‘ద యెగ్’ అంటుంది. ఎవరూ దిద్దలేని తప్పు ఇలా పుడుతుంది, ఎందుకంటే మీరు సూత్రాన్ని సరిగ్గానే పాటించారు, మాటే మారిపోయింది. దీనికి మందు: ‘ఎగ్’ అనే ముందు నాలుకను కిందకు వదిలేసి, దవడను ముందుగానే తెరిచి ఉంచి, నేరుగా ఎకారం మీద మొదలుపెట్టండి. అది కుదిరాక ‘ది’ తగిలించండి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ‘యియర్’ అనవలసిన చోట యకారం మింగి ‘ఇయర్’ అంటాం. అప్పుడు సంవత్సరం చెవిగా మారుతుంది. ది ఇయర్ అంటే చెవి, ద యియర్ అంటే సంవత్సరం. ఈ జంటను పదేపదే మార్చి మార్చి పలకండి. ‘వుడ్’, ‘వుమన్’ మాటల్లో వకారం మింగేసి ‘ఉడ్’, ‘ఉమన్’ అనేవాళ్లకూ ఇదే సాధన. పెదవులను ముందుకు చుట్టి, ద వుడ్, ద వుమన్ అనాలి.

ఈ మధ్య ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న యువతరంలో కొందరు అచ్చు ముందు కూడా ‘ద’ అనేసి, మధ్యలో గొంతును చిన్నగా బిగించి ముందుకు పోతున్నారు. మీరు వినే ఉంటారు. నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోకుండా ‘ది’తో ఉండడమే సుఖం.

నొక్కి చెప్పే ‘దీ’ ఒకటి మిగిలింది. ‘ఆయనేనా? సాక్షాత్తూ ఆయనేనా?’ అన్న భావానికి హల్లు ముందు కూడా దీర్ఘం తీసి ‘దీ’ అంటారు. పెళ్లిలో ఎవరో సచిన్ టెండూల్కర్ వచ్చాడంటే, ‘దీ సచిన్ టెండూల్కర్?’ అని అడగవచ్చు. అంటే క్రికెట్ ఆడిన ఆయనేనా, ఆ పేరున్న మరొకరా అని. ఇదొక్క చోటే దీనికి బరువు తగదనే మాట వర్తించదు.

నాలుగో మెట్టు: ‘ఏది?’ అని వినేవారి తరఫున అడగండి

వాడకంలోకి వద్దాం. ఇది పూర్వం ‘దట్’ అనే మాటకు దగ్గరి చుట్టం. ప్రాచీన ఇంగ్లీషులో రెండూ ఒకే కుటుంబానికి చెందిన చూపుడు మాటలు. కాలక్రమంలో ఒకటి చూపించే బలాన్ని నిలుపుకుంది, ఇంకొకటి దాన్ని కోల్పోయి ‘మీకు తెలిసినదే’ అని చెప్పే చిన్న గుర్తుగా మిగిలింది. అందుకే దీన్ని తెలుగులో ‘ఆ’ అని అనువదించుకుంటే కొన్ని చోట్ల కుదురుతుంది, చాలా చోట్ల కుదరదు. ఆకాశంలోని సూర్యుణ్ని ‘ఆ సూర్యుడు’ అంటే ఇంకొక సూర్యుడు ఉన్నట్టు ధ్వనిస్తుంది. ఇంగ్లీషులో మాత్రం ‘ద సన్’ అనే అనాలి.

మరి తెలుగులో ఈ భేదాన్ని మనం ఎలా చెబుతున్నాం? ఈ రెండు వాక్యాలు చూడండి.

రోడ్డు మీద కుక్క ఉంది.
కుక్క రోడ్డు మీద ఉంది.

మొదటిది ఏదో ఒక కుక్క గురించి, జాగ్రత్తగా వెళ్లండని చెప్పడం. రెండోది మీకు, నాకు తెలిసిన కుక్క గురించి, బహుశా మన ఇంటి కుక్క తప్పించుకుపోయింది. మనం ఏ ప్రత్యేకమైన మాటా చేర్చలేదు, వరస మార్చాం, అంతే. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఎ డాగ్’, రెండోదానికి ‘ద డాగ్’. అలాగే ‘పుస్తకం చదివాను’, ‘పుస్తకాన్ని చదివాను’ అనే వాక్యాల మధ్య కూడా తేడా ఉంది. ‘ని’ చేరినప్పుడు చాలాసార్లు ఆ పుస్తకం ఏదో వినేవారికి ముందే తెలిసి ఉంటుంది. అయితే ఈ గుర్తును ప్రాణం లేని వస్తువుల దగ్గరే నమ్మండి. మనుషుల పేర్ల వెనుక ‘ని’ ఎలాగూ వస్తుంది, దాన్ని బట్టి తేల్చలేం.

కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒక్కటే. నేను ఈ మాట అనగానే వినేవారు ‘ఏది?’ అని అడుగుతారా? అడిగే అవకాశం ఉంటే ‘ఎ’. అడగనక్కర్లేకపోతే ‘ద’. గమనించండి, ఏదో నాకు తెలిస్తే చాలదు, వినేవారికి తెలియాలి. తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. మాట్లాడేవాడి మనసులో టేబుల్ స్పష్టంగా ఉంటుంది, వినేవాడి మనసులో ఇంకా ఏమీ ఉండదు.

ఒక చిన్న ముచ్చటను దగ్గరగా చూద్దాం. తెలుగులో ఇలా ఉందనుకోండి: మొన్న ఒక టేబుల్ కొన్నాను. కాళ్లు ఊగుతున్నాయి. షాపుకు ఫోను చేశాను. యజమాని మనిషిని పంపిస్తానన్నాడు. సాయంత్రం ఒక కుర్రాడు వచ్చి మరలు బిగించాడు.

ఇంగ్లీషులో వరసగా: ఎ టేబుల్, ద లెగ్స్, ద షాప్, ది ఓనర్, ఎ మ్యాన్, ఇన్ ది ఈవెనింగ్, ఎ బాయ్, ద స్క్రూస్.

కాళ్ల సంగతి ఇప్పుడే మొదటిసారి వచ్చింది. బడి సూత్రం ప్రకారం ఇక్కడ ‘ద’ రాకూడదు. కానీ టేబుల్ అనగానే దానికి కాళ్లుంటాయని వినేవారికి తెలుసు, ‘ఏ కాళ్లు?’ అని ఎవరూ అడగరు. కొన్నానని చెప్పాక షాపు ఉన్నట్టే, షాపు ఉన్నాక యజమాని ఉన్నట్టే. మరలు కూడా టేబుల్‌తో వచ్చినవే. మనిషి మాత్రం ఎవరో తెలియదు, అందుకే ‘ఎ మ్యాన్’, అక్కడ ‘ని’ ఉన్నా సరే. ఒక మాట మొదటిసారి వచ్చిందా, రెండోసారి వచ్చిందా అన్నది లెక్కలోకి రాలేదు. తెలిసే దారి ఉందా లేదా అన్నదే లెక్క.

వంటగది, తలుపు, బస్టాండు, పోస్టాఫీసు, కలెక్టరు, ప్రధానమంత్రి, చంద్రుడు, ఇవన్నీ ఇలాగే. మాట్లాడుకునే ఇద్దరి లోకంలో అవి ఒక్కొక్కటే ఉంటాయి కాబట్టి ‘ఏది?’ అన్న ప్రశ్న రాదు. మొదటి, చివరి, అన్నిటికంటే పెద్ద వంటి మాటలు కూడా తమంతట తాము ఒక్కదాన్ని తేల్చేస్తాయి, కాబట్టి ద ఫస్ట్, ద లాస్ట్, ద బెస్ట్. ‘సేమ్’ ముందు కూడా తప్పదు. ‘సేమ్ ప్రాబ్లం’ అని మనం తరచుగా అంటాం, అది ‘ద సేమ్ ప్రాబ్లం’ కావాలి.

ఐదో మెట్టు: ఎక్కడ ఏదీ పెట్టకూడదో తెలుసుకోండి

జాతి మొత్తం గురించి మాట్లాడేటప్పుడు బహువచనానికి ముందు ఏమీ వద్దు. కుక్కలు విశ్వాసం గలవి అన్నప్పుడు ‘డాగ్స్’ చాలు. ‘ద డాగ్స్’ అంటే మన వీధిలోవో, నిన్న మనం చెప్పుకున్నవో అవుతాయి. లెక్కపెట్టలేని సాధారణ విషయాలకూ అంతే: లైఫ్, లవ్, మనీ, సొసైటీ, నేచర్. వ్యాస రచన పోటీల్లో ‘ద సొసైటీ’, ‘ద నేచర్’ విపరీతంగా కనిపిస్తాయి. సమాజం, ప్రకృతి గొప్పవి కాబట్టి మర్యాదగా ఏదో ఒకటి చేర్చాలనిపిస్తుందేమో. వద్దు.

మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, చాలా దేశాల పేర్లు, భాషల పేర్లు, ఆటల పేర్లు, భోజనాల పేర్లు ఒంటరిగానే నిలబడతాయి. వరంగల్, ఇండియా, తెలుగు, క్రికెట్, లంచ్. వాద్యాలకు మాత్రం పెడతారు: ప్లే క్రికెట్, కానీ ప్లే ద వీణ. నా, మీ, వాళ్ల అనే మాటలున్న చోట దీనికి స్థానం లేదు. ‘మై బ్రదర్’ అనగానే ఎవరో తేలిపోయింది, ఇంకొక గుర్తు అక్కర్లేదు.

మరువకూడని నియమం ఇంకొకటి ఉంది, పనిలో అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది ఇదే. లెక్కపెట్టగల సాధారణ నామవాచకం ఏకవచనంలో ఉంటే దాన్ని బట్టబయలుగా వదలకండి. దాని ముందు ఎ, ద, మై, దిస్ వంటిది ఏదో ఒకటి ఉండాలి. ‘ఐ వెంట్ టు మార్కెట్’, ‘హి ఈజ్ డాక్టర్’ అనేవి మనకు సహజంగా వస్తాయి, ఎందుకంటే తెలుగులో అవి నిండు వాక్యాలు. ఇంగ్లీషులో మార్కెట్ ముందు ‘ద’, డాక్టర్ ముందు ‘ఎ’ కావాలి. రాసినదాన్ని సరిచూసుకునేటప్పుడు ఇంకేమీ చూడకపోయినా ఏకవచన నామవాచకాలన్నిటినీ ఒక్కసారి తడిమి చూడండి. సగానికి పైగా తప్పులు అక్కడే దొరుకుతాయని నా నమ్మకం.

ఈ నియమానికి కొన్ని మినహాయింపులు స్థిరపడిపోయాయి. అందులో బడి ఒకటి. పిల్ల చదువుకోవడానికి వెళ్తే ‘గోస్ టు స్కూల్’. తండ్రి ఫీజు కట్టడానికి అదే భవనానికి వెళ్తే ‘వెంట్ టు ద స్కూల్’. ఆ చోటు పెట్టిన పనికే వెళ్తే గుర్తు పోతుంది, భవనంగా చూస్తే గుర్తు వస్తుంది. మంచం, జైలు, కాలేజీ కూడా ఇలాంటివే. ఆసుపత్రి దగ్గర బ్రిటన్, అమెరికా విడిపోయాయి: రోగి బ్రిటన్‌లో ‘ఇన్ హాస్పిటల్’, అమెరికాలో ‘ఇన్ ద హాస్పిటల్’. బస్సులో వెళ్లాను అనడానికి ‘బై బస్’, మధ్యలో ఏమీ ఉండదు. ‘ఇన్ ద మార్నింగ్’ అంటారు, కానీ ‘ఎట్ నైట్’. దీనికి కారణం వెతకకండి, అలాగే కంఠస్థం చేయండి.

ఆరో మెట్టు: పేర్ల దగ్గర జాగ్రత్త

గోదావరిని తీసుకోండి. ‘గోదావరి’ అని ఊరికే అంటే ఒక అమ్మాయి పేరు. ‘ద గోదావరి’ అంటే నది. తూర్పు గోదావరి జిల్లా పేరుకు ముందు ఏమీ ఉండదు. రైలును ‘ద గోదావరి ఎక్స్‌ప్రెస్’ అంటారు, ఎందుకంటే రైళ్ల పేర్లకూ ఓడల పేర్లకూ ఈ గుర్తు పెడతారు. కృష్ణ కూడా అంతే: ఏమీ లేకపోతే దేవుడో, పక్కింటాయనో, ‘ద కృష్ణ’ అయితే నది. తెలుగులో సందర్భం చేసే పనిని ఇక్కడ ఈ ఒక్క చిన్న మాట చేస్తుంది.

నదులు, సముద్రాలు, పర్వత శ్రేణులు, ఎడారులు పెట్టించుకుంటాయి: ద బే ఆఫ్ బెంగాల్, ద హిమాలయాస్, ది ఈస్టర్న్ ఘాట్స్, ద థార్ డెజర్ట్. విడి శిఖరం, విడి సరస్సు పెట్టించుకోవు. ఎవరెస్ట్, కొల్లేరు ఒంటరివే.

దేశాల దగ్గర మనవాళ్లు రోజూ తడబడతారు. పేరు బహువచనంలో ఉన్నా, అందులో స్టేట్స్, కింగ్‌డమ్, రిపబ్లిక్, ఎమిరేట్స్ వంటి సాధారణ నామవాచకం ఉన్నా ‘ద’ కావాలి: ద యూఎస్, ద యూకే, ద యూఏఈ, ద నెదర్లాండ్స్, ద ఫిలిప్పీన్స్, ద మాల్దీవ్స్. కాబట్టి వీసా ఇంటర్వ్యూలో ‘టు యూఎస్’ అనకుండా ‘టు ద యూఎస్’ అనండి. యూ ధ్వని యకారం కనుక ఇక్కడ ‘ది’ కాదు. అమెరికా అంటే మాత్రం ఏదీ వద్దు. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి ఎందరో వెళ్లే ప్రాంతం ‘ద గల్ఫ్’, అందులోని దుబాయ్, కువైట్, సౌదీ అరేబియా ఏమీ లేకుండానే. ఉక్రెయిన్‌కు ఒకప్పుడు ఇంగ్లీషులో ‘ద’ తగిలించేవారు. 1991లో అది స్వతంత్ర దేశమయ్యాక తీసేశారు, ఇప్పుడు పెడితే అక్కడివారు నొచ్చుకుంటారు.

విశ్వవిద్యాలయాలకు మధ్యలో ‘ఆఫ్’ ఉంటే సాధారణంగా పెట్టాలి, లేకపోతే అక్కర్లేదు. ద యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, కానీ ఉస్మానియా యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ. రెజ్యూమేలో ఈ తేడా చూసే కళ్లుంటాయి. పొడి అక్షరాల పేర్లలో ఒక్కొక్క అక్షరం విడిగా పలికే ప్రభుత్వ, అంతర్జాతీయ సంస్థలకు పెడతారు: ద సీబీఐ, ది ఆర్‌బీఐ, ద యూఎన్. మాటలా కలిపి పలికేవాటికి పెట్టరు: ఇస్రో, నాసా, యునెస్కో. కంపెనీలకు విడిగా పలికినా పెట్టరు, టీసీఎస్ అంటే చాలు.

ఏడో మెట్టు: సాధన

ఇంగ్లీషు దినపత్రిక నుంచి ఒక పేరా తీసుకుని నోటుబుక్‌లోకి ఎత్తి రాయండి, కానీ ఎ, యాన్, ద మూడింటినీ వదిలేసి రాయండి. పత్రికను పక్కన పెట్టేయండి. మర్నాడు మీరు రాసుకున్న పేరాలో ప్రతి నామవాచకం దగ్గరా ఆగి, ‘ఏది? అని చదివేవారు అడుగుతారా?’ అని ప్రశ్నించుకుని, మూడింటిలో ఏది కావాలో, ఏదీ వద్దో పూరించండి. తర్వాత పత్రికతో పోల్చండి. తేడా వచ్చిన చోట్ల కారణం వెతకండి. ఎక్కువసార్లు పైన చెప్పినవాటిలోనే దొరుకుతుంది, దొరకకపోతే ఆ పదబంధాన్ని ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి. వార్త లోపలి పేరాలే తీసుకోండి, శీర్షికలు వద్దు. చోటు కలిసి రావడానికి శీర్షికల్లో ఈ చిన్న మాటలన్నిటినీ తీసేస్తారు. వాటిని చూసి నేర్చుకుంటే మనకున్న వదిలేసే అలవాటే ఇంకా బలపడుతుంది.

పూరించిన అదే పేరాను గట్టిగా చదువుతూ ఫోనులో రికార్డు చేయండి. చదివే ముందు పెన్సిల్‌తో ప్రతి ‘ద’ కింద చిన్న చుక్క, ప్రతి ‘ది’ కింద గీత పెట్టుకోండి. కళ్లు అక్షరాన్ని చూసి మోసపోకుండా ఇది కాపాడుతుంది. వినేటప్పుడు రెండు విషయాలు మాత్రమే గమనించండి. ‘ద’ దగ్గర విరామం వినిపిస్తోందా? దాని వెనక మాట కంటే ఇదే గట్టిగా వినిపిస్తోందా? రెండింటికీ ‘లేదు’ అనే జవాబు వచ్చేవరకు అదే పేరాను చదవండి, కొత్త పేరాకు పోవద్దు. ఎగ్, ఎగ్జామ్, ఓపెన్, యియర్, వుమన్ మాటలు ఆ పేరాలో లేకపోతే వాటిని విడిగా ‘ద’, ‘ది’లతో కలిపి చివర చేర్చుకోండి, ఎందుకంటే తెలుగు నోటికి పరీక్ష వచ్చేది వాటి దగ్గరే.